గోస, బాస

అర్జీలో గోస అనే మాట ఉండదు. చెప్పేటప్పుడు నోటి నిండా ఉంటుంది, కాగితం మీదికి వచ్చేసరికి మాయమవుతుంది.

ఒక సోమవారం, ప్రజావాణి రోజు, కలెక్టరేటు గేటు బయట అర్జీలు రాసే పెద్దమనిషి పక్కన కూచున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న ఒకే రోజు పుట్టిన జిల్లాలు. ఇది వాటిలో ఎక్కడన్నది అనవసరం. సోమవారం పొద్దున ఆ గేటు బయట కనిపించేది మూడు చోట్లా ఒకటే. ఒక ముసలామె మనవణ్ని వెంటబెట్టుకొని వచ్చింది. చంకలో పాలిథిన్ కవరు, అందులో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు.

"ఏం రాయాలె అవ్వా?"

"నా గోస రాయి బిడ్డా."

పావుగంట చెప్పింది. వానకు కూలిన మట్టిగోడ, అన్నదమ్ముల పంపకాల్లో చేజారిన జాగ, కిరాయి కట్టలేక మారిన మూడిళ్లు, మూడో ఇంటామె నీళ్ల దగ్గర అన్న మాట. ఆయన ఓపికగా విన్నాడు. తర్వాత రాశాడు: విషయం, ఇందిరమ్మ ఇల్లు మంజూరు చేయుట గురించి. కింద నాలుగు వరుసలు, దాని కింద వేలిముద్ర. నీళ్ల దగ్గర మాట అందులో లేదు. ఆయన్ను తప్పుపట్టను, లోపల ఆ కాగితం చదివేవాళ్లకు ఏం కావాలో ఆయనకు తెలుసు. కానీ ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

గోస పడతాం. గోస పెడతారు. గోస తీస్తారు. ఒకరి గోస పోసుకోవద్దంటారు, పేదోళ్ల గోస ఊకనే పోదంటారు. పడ్డవాడి దగ్గరే ఆగిపోకుండా, పెట్టినవాణ్ని వెతుక్కుంటూ పోయే గుణం ఈ మాటకు ఉంది. కష్టానికి ఆ గుణం లేదు, బాధకూ లేదు. ఉసురుకు ఉంది గానీ ఉసురు నోరు విప్పదు.

ఈ మాట పుట్టిల్లు సంస్కృతంలోని ఘోష అని నా లెక్క. సముద్ర ఘోష, వేద ఘోష, జయఘోష అంటామే, అదే. వత్తు పోయి ఘ గ అయింది, ష స అయింది. వేషం వేసం, దోషం దోసం, సంతోషం సంతోసం అయిన దారే ఇది. చదువుకున్నవాళ్లు దీన్ని నోరు తిరగని పలుకని చిన్నచూపు చూశారు. వాళ్లొకసారి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల దగ్గరికి పోయి రావాలి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు అక్కడున్నాయి. యుద్ధభేరి మోత పోయి ధర్మం మోత వచ్చిందని చెప్పే చోట ప్రాకృతంలో ఆ మాట ఘోస. స తోనే. మన పల్లె నోట్లోని స కు ఇరవై రెండు శతాబ్దాల పైబడిన వయసుంది.

అయితే చప్పుడు బాధ ఎట్లా అయింది? అశోకుడి ఘోస రాజుది, బండల మీద చెక్కించి దేశమంతా చాటించింది. మన గోస అవ్వది. నాకు తోచేది ఇది: ఒక మనిషి గట్టిగా అరిచినప్పుడు అరిచేవాడికి అది బాధ, వినేవాడికి చప్పుడు. సంస్కృతం వినేవాడి వైపు నిలబడి పేరు పెట్టింది. తెలంగాణ పల్లె అరిచేవాడి వైపు నిలబడింది. మాట అదే, నిలబడిన చోటు మారింది.

దీనికొక తోబుట్టువుంది. భాష అంటే మాట్లాడేది. అదే వత్తు పోగొట్టుకొని, ష ను స చేసుకొని బాస అయ్యాక తెలుగులో దాని అర్థం ఒట్టు, ఇచ్చిన మాట. ఒకే దారిన వచ్చిన ఈ రెండిట్లో ఒకటి కిందినుంచి పైకి పోతుంది, ఇంకొకటి పైనుంచి కిందికి దిగుతుంది. జనానిది గోస, ఏలేవాళ్లది బాస. రాజకీయాల వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 2022లో ఒక పార్టీ తెలంగాణలో చేపట్టిన కార్యక్రమం పేరే 'ప్రజా గోస, బీజేపీ భరోసా'. మరుసటేడు ఇంకో పార్టీ ఇల్లు లేనివాళ్లకు జాగ ఇస్తామని, కట్టుకునేందుకు 5 లక్షలు ఇస్తామని బాస చేసి గెలిచింది.

కృష్ణా గోదావరి జిల్లాల వాళ్లు ఇదే చోట గోడు అంటారు. ఆ మాట వింటే గోడ గుర్తొస్తుంది గానీ రెండూ ఒక తల్లి పిల్లలు కావు. కన్నడాన్ని అడిగితే తేల్చి చెబుతుంది. మన ఏడు అక్కడ ఏళు, మన కోడి కోళి. అట్లాగే మన గోడు అక్కడ గోళు. మన గోడ మాత్రం అక్కడా గోడె, డ చెక్కుచెదరలేదు. కూడు, గూడు జంట కూడా ఇంతే: తినే కూడు కన్నడంలో కూళు, ఉండే గూడు అక్కడా గూడే. పుట్టుకలో ఏ చుట్టరికమూ లేని మాటలు తెలుగులో పక్కపక్కన చేరి ప్రాసలో కలిసిపోయాయి. అయినా గోడ లేనివాళ్ల గోడు ఎన్నేళ్లుగానో వింటున్న చెవికి వాటిని విడదీయబుద్ధి కాదు.

సర్కారు కాగితాల్లో ఉండే మాటలు వేరు. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు. అన్నీ పారసీ దారిన వచ్చినవే. ఫిర్యాదు పుట్టుక చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. పారసీలో ఫర్యాద్ అంటే ఆర్తనాదం, కాపాడమని పెట్టే కేక. దాద్ అంటే న్యాయం. దాదూ లేదు ఫిర్యాదూ లేదు అని మనం అనేది అక్కడినుంచే. కచేరీల్లో తిరిగి తిరిగి ఆ కేక ఒక నంబరైంది, రసీదైంది. గోస మాత్రం కచేరీ గడప తొక్కలేదు కాబట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

పాలకుర్తి పక్కనే బమ్మెర ఉంది, పోతన ఊరు. తెలుగులో అందరికంటే పెద్ద మొర పెట్టించింది ఆయనే, అదీ ఒక ఏనుగు చేత. ఆ కథలో నేను మళ్లీ మళ్లీ ఆగే చోటు ఒకటుంది. కాపాడేవాడు అసలు ఉన్నాడా లేడా అని గజేంద్రుడు అనుమానపడతాడు. పైవాణ్ని నిలదీసినట్టే లెక్క. విన్నవాడు ఆ అనుమానాన్ని నేరం కింద రాసుకోలేదు. భార్యకు చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా పరుగెత్తాడు. మొర వినడమంటే ఏమిటో ఈ నేలకు ఒకడు అంత స్పష్టంగా చెప్పి పోయాడు.

ఆ నేలనే తర్వాత విసునూరు దేశ్‌ముఖ్ ఏలాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన గోసను తనలో దాచుకోలేదు, సంఘంలోకి తెచ్చింది. నిజాం రాజ్యంలో అప్పుడు గస్తీ నిషాన్ తిర్పన్ అని ఒక ఉత్తరువు ఉండేది. యాభైమూడో నంబరు సర్క్యులర్. సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలి. పదిమంది కూడి చెప్పుకునే గోసకు సర్కారు ముద్ర ఉండాలన్నమాట. మానుకోట వైపు చినగూడూరులో పుట్టిన కవి దాశరథి కృష్ణమాచార్యను ఆ సర్కారే నిజామాబాద్ జైల్లో పెట్టింది. ఆయనకు కాగితం లేదు, గోడ ఉంది, బొగ్గు ఉంది. పద్యం గోడ మీద రాశాడు. ఆ గోడను మనం ఇప్పటికీ కాపాడుకుంటున్నాం, కథలుగా చెప్పుకుంటూ.

ఇప్పుడు ఫేస్‌బుక్‌లో తమ పేజీని మనవాళ్లు గోడ అనే పిలుస్తున్నారు. నా గోడ మీద రాసిన, నీ గోడ మీద చూసిన అంటారు. ఇల్లు లేనివాడికీ ఆ గోడ దొరుకుతుంది, అదొక మేలు. 2023 జూలై 27న మోరంచవాగు భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మీద పడ్డప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కారు, చెట్లెక్కారు. హెలికాప్టర్లు వచ్చేలోపు వాళ్ల కేక లోకానికి చేరింది చేతిలోని ఫోన్ల ద్వారానే. అంతకు రెండేళ్ల ముందు కరోనా రెండో అలలో ఆక్సిజన్ కోసం, పడక కోసం జనం ఫోన్లలో కేకలు పెడుతుంటే సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న గట్టిగా చెప్పింది: అట్లా గోడు వెళ్లబోసుకునేవాళ్ల మీద ఏ రాష్ట్రమైనా చర్య తీసుకుంటే దాన్ని కోర్టు ధిక్కారంగా చూస్తామని.

అయితే వరద కేకకు ఉన్న మర్యాద రోజువారీ గోసకు లేదు. గోస ఎప్పుడూ శుభ్రమైన భాషలో రాదు. మన దగ్గర ఆడవాళ్లు మన్నెత్తి పోస్తారు, నీ నోట్ల మన్నువడ అంటారు, ఏలేవాణ్ని పేరుపెట్టి శపిస్తారు. శాపనార్థం గోసలో భాగం. ఐటీ చట్టంలో ఒకప్పుడు 66ఎ అనే సెక్షన్ ఉండేది. చికాకు కలిగించడం, అసౌకర్యం కలిగించడం అందులో నేరాలు. ఆ రెండూ కలిగించని గోసను నేను ఇంతవరకు వినలేదు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సెక్షన్ పోయింది, అలవాటు పోలేదు. 2025 మార్చిలో ఒకాయన ముఖ్యమంత్రిని తిడుతూ చెప్పుకున్న గోడును వీడియోగా పెట్టినందుకు హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా పాత్రికేయులను అరెస్టు చేశారు. అది బూతు, కావాలని చేయించింది అని పోలీసుల వాదన. విమర్శను నొక్కేస్తున్నారని వాళ్ల వాదన. కొద్దిరోజుల్లో బెయిలు వచ్చింది. అదే ఏడు సెప్టెంబర్‌లో, ముఖ్యమంత్రిని విమర్శిస్తూ పెట్టిన పోస్టుల మీది కేసులను తెలంగాణ హైకోర్టు కొట్టేస్తూ పోలీసులకు హద్దులు గీసింది: రాజకీయ విమర్శ కటువుగా ఉన్నంత మాత్రాన కేసు కాదు, ముందు విచారించాలి, యాంత్రికంగా అరెస్టు చేయొద్దు. ఇది ఒక్క పార్టీ సంగతి కాదు. అంతకుముందు ఏలినవాళ్లు ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌నే మూశారు, దాన్ని తెరిపించడానికీ హైకోర్టే కావాల్సి వచ్చింది.

ఒక ఆడమనిషి ఫోటో మార్చి ఊరంతా తిప్పేవాణ్ని, చంపుతానని బెదిరించేవాణ్ని పోలీసులు పట్టుకోవాలి. ఆలస్యం చేయొద్దు కూడా. అక్కడ గోస పడేది ఆ ఆడమనిషి. కుర్చీలో ఉన్నవాడికి తగిలిన తిట్టును దాని పక్కన పెట్టి ఒకే తూకం వేయడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, పలుకులో గోసకు దగ్గర, అర్థంలో దూరం. ఘోషా. పారసీలో గోషా అంటే మూల, ఏకాంతం. పరదా పాటించే ఆడవాళ్ల కోసం కట్టిన ఆసుపత్రులను ఘోషా ఆసుపత్రులన్నారు, హైదరాబాద్‌లో గోషామహల్ పేరు ఇప్పటికీ ఉంది. ఘోష బయటికి వినిపించేది, ఘోషా కనిపించకుండా మూలకు చేరేది. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద కేంద్రం ఒక పోస్టును, ఒక ఖాతాను దేశంలో కనబడకుండా చేయగలదు. ఆ ఉత్తరువులను గుట్టుగా ఉంచాలని నియమాల్లోనే రాసుంది. దేశ భద్రత కోసమని చెప్పే కారణం కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ ఎందుకు మూసేశారో మూసినవాడు చెప్పకపోతే, రాసినవాడికి మిగిలేది ఘోషానే.

ఇక ఇల్లు. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి 5 లక్షలు. అర్జీదారులను జాబితాలుగా విడదీశారు. సొంత జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్ వన్. జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్ టూ. ముందు వంతు ఎల్ వన్‌ది. సర్కారు లెక్క నాకు అర్థమవుతుంది, జాగ ఉన్నచోట పునాది రేపే తవ్వొచ్చు. కానీ అందరికంటే ఎక్కువ గోస పడేవాళ్లు రెండో వరుసలో నిలబడ్డారు. బాసలో జాగ ముందుంది, జాబితాలో జాగ ఉన్నవాడు ముందున్నాడు. పునాది లేచాక, గోడలు లేచాక ఆ ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే విడత డబ్బు పడుతుంది. ఆ అవ్వ కూలిన గోడకు ఎవరూ ఫోటో తీసుకోలేదు.

ఆమె నిరాశ్రయురాలు కూడా కాదు, జనగణన లెక్క ప్రకారం. 2011 ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు రోడ్ల పక్కన, వంతెనల కింద, గుడి మెట్ల మీద పడుకున్నవాళ్లను లెక్కపెట్టారు. దేశంలో దాదాపు 17.7 లక్షల మంది తేలారు. కిరాయి గదిలో, చుట్టం ఇంటి వసారాలో పడుకున్నవాళ్లు ఆ లెక్కకు రారు. తలదాచుకునే హక్కంటే నెత్తిమీద కప్పు ఒక్కటే కాదని, మనిషి మనిషిగా ఎదగడానికి కావలసిన చోటని సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పింది. నీళ్ల దగ్గర మాట పడకుండా ఉండే చోటు అని నేను అర్థం చేసుకున్నాను.

ఆ సోమవారం అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాక అవ్వ మళ్లీ మా దగ్గరికే వచ్చి కూచుంది. కాగితంలో తన గోస ఉందా అని అడిగింది. రాసినాయన తలవంచుకొని పెన్ను క్యాపు పెట్టుకున్నాడు. మనవడు ఫోన్ తీశాడు. నానమ్మ పొద్దున చెప్పిందంతా వాడు వీడియో తీశాడట, నీళ్ల దగ్గర మాటతో సహా. మధ్యలో లీడర్లకు పెట్టిన శాపాలూ ఉన్నాయి.

"పెట్టాల్నా?" అన్నాడు.

"పెట్టకు," అన్నాడు అర్జీలు రాసే పెద్దమనిషి. "లిస్టుల పేరు వోతది."

"ఎందుకు వోతది? నా గోస నేను జెప్పుకున్న, ఒకల సొమ్ము తిన్ననా?" అంది అవ్వ.

పిల్లవాడు ఇద్దరి మొహాలూ చూశాడు. నా మొహం కూడా చూశాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకొని, నానమ్మ చంకలోని కవరు తను అందుకున్నాడు.