తెప్పయు కాటమరానును



ఇంగ్లీషు నిఘంటువులో "కాటమరాను" అను పదమునకు అర్థము వెదకినచో, రెండు సన్నని పడవలను అడ్డుకొయ్యలతో జోడించి తెరచాప ఎత్తిన నావ యని కనబడును. ఆ పదము మన తూర్పుతీరమునుండి వచ్చినదనియు అచ్చటనే వ్రాసియుండును. ఈ రెండు మాటలను కలిపి చదివి, "పడమటిదేశములవారు పందెములలో నడుపు జంటపడవలన్నియు మన తెప్పకు పుట్టిన బిడ్డలే" యని నేను పాఠశాలలో అనేకసంవత్సరములు బాలురకు బోధించితిని. ఉద్యోగము విరమించి తీరికగా గ్రంథములు పరిశీలించిన పిమ్మట, నేను చెప్పినది సగము సత్యము, సగము పొరపాటు అని తెలిసినది. నా శిష్యులు పలువురు ఈ సంచికను చదువుదురు. తప్పు చెప్పిన నోటితోనే ఒప్పు చెప్పుట ఉపాధ్యాయునకు విధి గనుక ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

మొదట పేరును గూర్చి విచారింతము. తమిళమున "కట్టు" అనగా బంధించుట. "మరము" అనగా చెట్టు లేక కొయ్య. కట్టిన కొయ్యలే కట్టుమరము. మన భాషలోని "మ్రాను" ఆ "మరము" నకు సోదరపదము. అందుచే ఆ పేరు మన చెవికి పరాయిగా తోచదు. అయినను మనవారు వ్యవహరించు పేరు "తెప్ప". సంస్కృతమున అమరసింహుడు ఉడుపము, ప్లవము, కోలము అను పర్యాయపదములను చెప్పెను. కాళిదాసు రఘువంశారంభమున, తాను తలపెట్టిన పని యెంత సాహసమో తెలుపుటకు, ఉడుపముతో సాగరమును దాటబూనిన అవివేకిని పోలికగా చూపెను. మహాకవికి అవివేకముగా తోచిన ఆ పని కొంతవరకు మన పెద్దలకు నిత్యకృత్యమై, జీవనోపాధి యయ్యెను.

తెప్ప యెట్టిదో తీరవాసులకు చెప్ప నక్కరలేదు; పట్టణములలో పెరిగిన పిల్లలకై చెప్పుచున్నాను. తేలికజాతి దుంగలను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి, బిగించి కట్టుదురు. అందు నీరు నిలుచుటకు గుల్ల లేదు. కెరటము మీదబడినను ఆ నీరు దుంగల సందులనుండి జారిపోవును. కొయ్యయే తేలునది గనుక మునుగుట యుండదు. తలక్రిందులైనచో తిరుగవేసి యెక్కవచ్చును. ఒడ్డునకు వచ్చిన పిదప కట్లు విప్పి దుంగలను ఆరబెట్టవచ్చును. ఓడరేవులు లేక, కెరటములు విరిగిపడు ఇసుకతీరములకు ఇంతకంటె తగిన సాధనము లేదు. విశాఖపట్టణమున ఓడరేవు తెరువబడినది 1933లో గదా! అంతకుముందెన్ని తరములుగానో మనవారు కెరటముల మీదుగనే పోయివచ్చుచుండిరి.

విలియం డాంపియరు అను ఆంగ్లనావికుడు 1697లో ప్రకటించిన తన భూప్రదక్షిణగ్రంథమున చోళమండలతీరపు ఈ తెప్పలను వర్ణించి, కాటమరాను అను పేరును వ్రాసెను. అటుపిమ్మట ఆ మాట ఇంగ్లీషున నిలిచినది; అర్థము మాత్రము నిలువలేదు. ఎచ్చటి దుంగతెప్పనైనను ఆ పేరుతోనే పిలువసాగిరి. 1804లో బులోను రేవునందలి ఫ్రెంచినావలపై ఆంగ్లేయులు ప్రయోగించిన మందుగుండు పెట్టెలకు సైతము అదే పేరు పెట్టిరి. ఇట్లు దేశాంతరము పోయిన మాట యొకటి, తనకు సంబంధము లేని వస్తువునకు నామధేయ మగుట వింత గాదు.

ఇక జంటపడవ యెవరిది? అది పసిఫికు మహాసముద్రద్వీపవాసులగు పాలినీషియనులది. వారు తొలిచిన రెండు పడవలను దూరదూరముగా నుంచి, అడ్డుదూలములు వైచి, కొబ్బరిపీచు త్రాళ్లతో బిగించి, ఆకులతో అల్లిన తెరచాప నెత్తి, హవాయి మొదలు న్యూజిలాండు వరకుగల ద్వీపములను చేరి నివాసము లేర్పరచుకొనిరి. మన తెప్పలో తేలునది కొయ్య. వారి జంటపడవలో తేల్చునది గుల్ల. మన దుంగలు ఒకదానినొకటి అంటియుండును. వారి పడవల నడుమ నీరు పారును. ఒకటి రెండవదానికి తల్లి గాదు. "అట్టి నావలతో అంతదూరము బుద్ధిపూర్వకముగా పోయిరా?" యని సందేహించినవారికి, 1976లో "హోకులియా" అను జంటనావ, మావు పియాయిలుగు అను నావికుడు యంత్రసాధనములు లేకయే నక్షత్రములను, కెరటములను చూచి త్రోవ చూపగా, హవాయినుండి తాహితికి చేరి సమాధానము చెప్పినది.

ఐరోపాలో ఈ రీతినావను ముందుగా యత్నించినవాడు సర్ విలియం పెట్టీ. అతడు 1662లో డబ్లిను నగరమున జంటపడవ కట్టించెను. మరుసటి సంవత్సరమే అది పందెమున గెలిచినది. అతని పెద్దనావ మాత్రము 1665లో బిస్కే అఖాతమున తుపానుపాలయ్యెను. ఆ దెబ్బతో ఆ విద్య రెండువందల యేండ్లు మూలబడెను. 1876లో నెథానియల్ హెర్రెషాఫ్ అను అమెరికను శిల్పి "అమరిల్లిస్" అను జంటనావతో న్యూయార్కు పందెమునకు వచ్చి తక్కినవారి నందరిని సులభముగా దాటిపోయెను. ఓడినవారు ఆక్షేపింపగా అట్టి నావలను పందెములనుండి తొలగించిరి. నెమ్మదిగా పోవువారు వేగముగా పోవువానిని వెలివేయుట నావికులలోను కలదన్నమాట!

పిమ్మట 1947లో హవాయియందు వుడీ బ్రౌను, పసిఫికుద్వీపముల పడవను చూచి నేర్చిన పాఠముతో "మను కాయ్" అను నావను మిత్రులతో కూడి నిర్మించెను. ఇంగ్లాండున ప్రౌట్ సోదరులు 1954 ప్రాంతమున "షియర్‌వాటర్" అను చిన్నజంటనావను తెచ్చిరి. రాడ్నీ మార్చి 1967లో రూపొందించిన 20 అడుగుల "టొర్నాడో" 1976 మొదలు 2008 వరకు ఒలింపిక్ పందెములలో నుండెను. 2016 నుండి ఒక పురుషుడును ఒక స్త్రీయు కలసి నడుపు "నాక్రా 17" ఆ స్థానమున నిలిచినది.

సామాన్యజనులకు ఈ వినోదమును అందించిన ఘనత కాలిఫోర్నియావాసి హోబీ ఆల్టరునది. కెరటములపై జారు పలకలను చేయుట అతని వృత్తి. అతడు 1968లో 14 అడుగుల నావను, కొలదికాలమునకే 16 అడుగులదానిని వెలువరించెను. రెండవది సుమారు 145 కిలోల బరువు, ఇద్దరు నడుపవచ్చును, లక్షకు పైగా తయారైనవి. ఇసుక తగిలినప్పుడు దాని చుక్కానులు పైకి లేచును. రేవుగాని, వంతెనగాని అవసరము లేక, ఒడ్డుననుండియే నీటిలోనికి త్రోయవచ్చును.

వారాంతములలో వైద్యులు, వడ్రంగులు, గుమాస్తాలు తీరమున గూడి ఈ నావలతో పందెము లాడుదురు. అందరి నావలును ఒక్క కొలతవే యగుటచే ధనము గాక నేర్పే గెలుచును. సంకేతధ్వనికి ముందు గీత దాటరాదు. నీటిపై తేలు గుర్తులను నియమించిన వరుసలో చుట్టి రావలెను. రెండు సన్నని పడవలు నీటిని సులువుగా చీల్చును. వాని నడుమనున్న వెడల్పు బోల్తాపడనీయదు. కావున అడుగున సీసపు బరువు అక్కరలేదు. గాలి హెచ్చినప్పుడు ఒక పడవ నీటినుండి పైకి లేచును. అప్పుడు సహాయకుడు తెరచాపకొయ్యనుండి వ్రేలాడు తీగకు నడుము తగిలించుకొని, అంచున పాదములు మోపి, శరీరమును నీటిపైకి చాచి సమతూకము నిలుపును. చిక్కంతయు ఎదురుగాలిలో మలుపు త్రిప్పునప్పుడే. నావ తేలిక గనుక, గాలికి ఎదురైనంతనే వేగముడిగి నిలిచిపోవును. నేర్పరి ముందుగా వేగము కూర్చుకొని, తొందరపడక త్రిప్పును. క్రొత్తవాడు చుక్కానిని గట్టిగా త్రోసి, నడిసముద్రమున వెనుకకు నడచును!

ఇప్పుడు నా తీర్పు చెప్పెదను. పేరు మన తీరమునది; రూపము పాలినీషియనులది; నేటి పందెపునావ అమెరికనుల, ఆంగ్లేయుల పరిశ్రమఫలము. అన్యుల కీర్తిని మనది యని చెప్పుకొన్నచో, నిజముగా మనదైన కీర్తియు నమ్మరానిదగును. మనది యేదనగా, దుంగను ఎన్నుట, చెక్కుట, బిగించుట, కెరటమునకును కెరటమునకును నడుమ ఒడ్డు విడుచు అదనును గుర్తించుట. హోబీ ఆల్టరు నావకును మన తెప్పకును చుట్టరిక మేమైన నున్నచో అది ఆకారమున లేదు. ఇద్దరును రేవు లేని ఇసుకతీరమునుండి, కొద్దిమంది బలముతో, కెరటమును దాటబూనుటలో నున్నది. ఇది వారసత్వము గాదు, ఒకే ప్రశ్నకు వేరువేరుగా దొరికిన ఉత్తరము.

గడచిన నలువదియేండ్లలో ఫైబరుపడవలును ఇంజనులును వచ్చినవి. వాని వలన శ్రమ తగ్గినది, వానిని నిందింపను. కాని తెరచాపతో తెప్ప నడుపగల పెద్దలు నానాటికి తగ్గుచున్నారు. అణియమనగా నావ ముందుభాగమనియు, అమరమనగా వెనుకభాగమనియు ఎరుగని బాలురు మన యిండ్లలోనే కలరు. కాటమరాను అను మాట లోకమంతట నిలిచి, తెప్ప కట్టు విద్య అది పుట్టిన తీరమున నశించుట మనకు తగునా?

కావున మహాసభవారికి రెండు విన్నపములు. ఒకటి: ప్రతి పల్లెయందును పెద్దలను అడిగి, తెప్ప అంగములకును గాలులకును గల పేర్లను వ్రాయించి ఒక పుస్తకముగా ప్రకటింపుడు. రెండు: మహాసభ జరుగు ప్రతి సంవత్సరమును తెరచాప తెప్పలకు పందెము పెట్టి, పెద్దవాడొకడు, పిల్లవాడొకడు కలసి నడుపునట్లు నియమింపుడు. దాతలు బహుమానముల నిత్తురుగాక. ఆ పందెమున గెలిచిన బాలునకు నేను చెప్పిన పాత పాఠము అక్కరలేదు. తన పెద్దలు కల్పించినదేదో అతని చేతులే అతనికి చెప్పును.