సముద్రతీర సెలవులు, పల్లె జ్ఞాపకాలు: బ్రిటన్ గతస్మృతి రచనలు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్‌లో రెండు రకాల గతస్మృతులు విస్తారంగా కనిపిస్తాయి. ఒకటి బాల్యంలో కుటుంబంతో గడిపిన సముద్రతీర సెలవులది. రెండోది కనుమరుగైన పల్లె జీవితానిది. వీటిని సాధారణంగా వేర్వేరు విషయాలుగా చర్చిస్తారు. ఈ రెండింటికీ మూలం పారిశ్రామికీకరణ తెచ్చిన ఒకే సామాజిక పరిణామంలో ఉందని, ఊరంతా కలిసి అనుభవించిన కాలం పోవడమే వీటిలోని వేదనకు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ తీపి జ్ఞాపకాల వెనుక ఎవరి శ్రమ మరుగున పడిందో కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గతస్మృతి, సముద్రతీర సెలవులు, వేక్స్ వారం, బ్లాక్‌పూల్, పల్లె జ్ఞాపకాలు, శ్రామిక చరిత్ర.

1. ప్రవేశిక

'నాస్టాల్జియా' అనే మాట మొదట సాహిత్యానిది కాదు, వైద్యశాస్త్రానిది. 1688లో జోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, పరాయి దేశాల్లో ఉన్న స్విస్ ప్రజల ఇంటి బెంగను ఒక వ్యాధిగా వర్ణిస్తూ ఈ పదాన్ని కల్పించాడు. 'ఇంటికి తిరిగిరావడం', 'నొప్పి' అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక ఇది. అప్పట్లో ఆ బెంగ ఒక చోటు మీద. తర్వాతి కాలంలో అది గడిచిన కాలం మీద బెంగగా మారింది. చోటు మీద బెంగకు ప్రయాణం మందు కావచ్చు. కాలం మీద బెంగకు ఆ మందు లేదు.

బ్రిటన్‌లో ఈ బెంగ ప్రధానంగా రెండు దృశ్యాలను ఆశ్రయించింది. మొదటిది ఇసుక తీరం, గాడిద సవారీ, సముద్రంలోకి చొచ్చుకుపోయే పియర్, బోర్డింగ్ హౌస్. రెండోది చర్చి గోపురం, కోతలు, పెరటి తోట, ఇరుగుపొరుగు. ఈ జ్ఞాపకాలు నిజమా, కల్పనా అన్న ప్రశ్న చరిత్రకారుడికి అంతగా ఉపయోగపడదు. అవి ఏ పరిస్థితుల్లో రూపొందాయి, దేన్ని నిలుపుకున్నాయి, దేన్ని వదిలేశాయి అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

2. సముద్రతీరం: వైద్యం నుంచి వినోదానికి

సముద్రతీరానికి వెళ్లడం ఇంగ్లండులో అనాదిగా ఉన్న ఆచారం కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో అది సంపన్నుల వైద్యంగా ప్రచారం పొందింది. గ్రంథుల వ్యాధులకు సముద్రజలం ఔషధమని డాక్టర్ రిచర్డ్ రస్సెల్ 1750లో లాటిన్‌లో గ్రంథం రాశాడు. బ్రైటన్ ఎదుగుదలకు అది తోడ్పడింది. 1789లో మూడో జార్జి రాజు ఆరోగ్యం కోసం వేమత్ తీరానికి వెళ్లడంతో ఈ అలవాటుకు రాజగౌరవం కూడా దక్కింది.

ఈ విలాసాన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది రైలు. లండన్ నుంచి బ్రైటన్‌కు 1841లోనూ, లాంకషైర్ తీరంలోని బ్లాక్‌పూల్‌కు 1846లోనూ రైలుమార్గాలు వచ్చాయి. 1871లో జాన్ లబ్బక్ చొరవతో వచ్చిన బ్యాంకు సెలవుల చట్టం ఆగస్టు మొదటి సోమవారాన్ని ఇంగ్లండు, వేల్స్‌లలో సెలవుదినం చేసింది. బ్లాక్‌పూల్‌లో 1863లో నార్త్ పియర్, 1878లో వింటర్ గార్డెన్స్, 1894లో 158 మీటర్ల టవర్ వెలిశాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చిన్న ఊరుగా ఉన్న ఆ ప్రదేశం ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి శ్రామికుల విహార నగరమైంది. సముద్రతీర చరిత్రపై విశేష కృషి చేసిన జాన్ కె. వాల్టన్ దీన్ని ప్రపంచంలోనే మొదటి శ్రామికవర్గ సముద్రతీర విహార పట్టణంగా చర్చించడానికి కారణం ఇదే.

3. జాగరణ నుంచి వేక్స్ వారానికి

రైలు దారిని చూపింది. తీరిక మాత్రం పల్లె నుంచి వచ్చింది. ఉత్తర ఇంగ్లండు నూలు మిల్లుల పట్టణాల్లో ఏటా ఒకసారి మిల్లులన్నీ మూతపడేవి. దానిని 'వేక్స్' వారం అనేవారు. 'వేక్' అంటే జాగరణ. ఊరి చర్చి ఏ పుణ్యపురుషుడికి అంకితమైతే ఆయన పండుగకు ముందు రాత్రి జాగారం చేయడం, మరునాడు తిరునాళ్లు జరుపుకోవడం పూర్వాచారం. పల్లెలు మిల్లు పట్టణాలుగా మారాక కూడా కార్మికులు ఆ రోజుల్లో పనికి రావడం మానేవారు. చివరకు యజమానులే రాజీపడి ఆ రోజుల్లో మిల్లులు మూసి, బాయిలర్ల మరమ్మతులకు వాడుకున్నారు. అలా పల్లె జాతర ఫ్యాక్టరీ క్యాలెండరులో చోటు సంపాదించుకుంది.

ఒక్కో పట్టణానికి ఒక్కో వారం. ఓల్డ్‌హామ్, బోల్టన్, బ్లాక్‌బర్న్ వంటి పట్టణాలు వంతులవారీగా ఖాళీ అయ్యేవి. దుకాణాలు మూసి, వీధులు నిర్మానుష్యమై, ఊరే సముద్రం ఒడ్డుకు తరలేది. వీధిలో పక్కింటివారే తీరంలో పక్క కుర్చీలో కనిపించేవారు. ఏటా అదే బోర్డింగ్ హౌస్‌లో అదే గదిని కుదుర్చుకోవడం కూడా సామాన్యమే. సెలవు అంటే పరిచితుల నుంచి దూరంగా పోవడమన్న నేటి భావనకు ఇది పూర్తిగా విరుద్ధం. నాటి సెలవు పరిచితులతో కలిసి చేసిన ప్రయాణం. సముద్రతీర జ్ఞాపకాల్లో వినిపించే ఆత్మీయత సముద్రానిది మాత్రమే కాదు, ఆ తీరానికి తరలివచ్చిన ఊరిది.

అయితే ఈ వారానికి చాలాకాలం జీతం లేదు. కార్మికులు మిల్లుల్లోనూ వీధుల్లోనూ పొదుపు సంఘాలు పెట్టుకుని ఏడాది పొడవునా కొంత కొంత కూడబెట్టి, ఆ వారంలో ఖర్చు చేసేవారు. 1938లో వచ్చిన వేతనంతో కూడిన సెలవుల చట్టం కూడా ఆ హక్కును అందరికీ ఒక్కసారిగా ఇవ్వలేదు. కొన్ని వృత్తుల్లో కనీస వేతనాలు నిర్ణయించే మండళ్లకు ఏడాదికి ఒక వారం వరకు జీతంతో సెలవు ఇప్పించే అధికారం మాత్రమే ఇచ్చింది. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. దక్షిణ, తూర్పు తీరాలు ముళ్లకంచెలతోనూ మందుపాతరలతోనూ నిండాయి. అందువల్ల సముద్రతీర సెలవుకు స్వర్ణయుగంగా చెప్పుకునే కాలం నిజానికి యుద్ధానంతరం రెండు దశాబ్దాలు మాత్రమే. చిరకాల సంప్రదాయంగా గుర్తుండిపోయినది అంత స్వల్పకాలికం.

4. జ్ఞాపకం మరుగుపరచిన శ్రమ

ఈ జ్ఞాపకాలను చెప్పినవారిలో అధికులు ఆనాటి పిల్లలు. పిల్లల కళ్లకు సెలవు కనిపిస్తుంది, సెలవును నడిపిన పని కనిపించదు. బోర్డింగ్ హౌస్ యజమానురాలు బ్రిటిష్ హాస్యంలో గయ్యాళి పాత్రగా స్థిరపడింది. ఉదయం ఫలాహారం కాగానే వానైనా ఎండైనా అతిథులను బయటికి పంపేదని, బల్లమీది ఉప్పు, మిరియాల సీసాలకు కూడా విడిగా డబ్బు వసూలు చేసేదని కథలు ఎన్నో ఉన్నాయి. వాల్టన్ 1978లో ప్రచురించిన 'ది బ్లాక్‌పూల్ ల్యాండ్‌లేడీ' ఆ హాస్యపాత్రను చరిత్రలోకి తెచ్చింది. కొద్ది వారాల రాబడితో ఏడాదంతా నెట్టుకురావలసిన చిన్న వ్యాపారం ఆమెది. అతిథులు తెచ్చుకున్న సరుకులను విడివిడిగా వండిపెట్టే పద్ధతి చాలాకాలం సాగింది. గదులన్నీ అద్దెకిచ్చి కుటుంబం ఇరుకులో సర్దుకోవడం ఆ ఇళ్లలో మామూలే. ఇంత పని చేసే మనిషి పగలంతా ఇల్లు ఖాళీగా ఉండాలని కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు.

తల్లుల సంగతీ ఇటువంటిదే. అద్దె గదుల్లో దిగిన కుటుంబంలో సరుకులు కొనడం, తడిసిన బట్టలు ఆరవేయడం, పిల్లలను కనిపెట్టుకోవడం ఆమెకు తప్పలేదు. 1936లో బిల్లీ బట్లిన్ స్కెగ్నెస్‌లో ప్రారంభించిన సెలవు శిబిరం జనాదరణ పొందడానికి ఒక కారణం ఇక్కడ దొరుకుతుంది. భోజనం, వినోదం, పిల్లల సంరక్షణ ఒకే రుసుములో లభించడంతో తల్లికి కూడా కొంత సెలవు దొరికింది. శిబిరంలోని క్రమశిక్షణను విద్యావంతులు ఎగతాళి చేసినప్పుడు ఈ కోణాన్ని గమనించినవారు తక్కువ.

ఇక్కడ పరిశోధకులకు ఒక అరుదైన ఆధారం ఉంది. 1937లో ఏర్పడిన 'మాస్ అబ్జర్వేషన్' సంస్థ సభ్యులు టామ్ హారిసన్ నాయకత్వంలో బోల్టన్ కార్మికుల దైనందిన జీవితాన్ని పరిశీలించారు. వారి వెంట బ్లాక్‌పూల్‌కూ వెళ్లారు. హంఫ్రీ స్పెండర్ ఫొటోలు తీశాడు. ఇవి దశాబ్దాల తర్వాత తలచుకున్నవి కావు, అప్పటికప్పుడు నమోదైనవి. తర్వాతి స్మృతులను వీటి పక్కన పెట్టి చదివితే జ్ఞాపకం ఏది ఎంచుకుందో తేటపడుతుంది.

5. పల్లె: ప్రతి తరం వెనకటి తరానికి అప్పగించిన స్వర్గం

1851 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో పట్టణవాసులు గ్రామీణులను మించిపోయారు. పల్లె చాలామందికి నివాసం కాకుండా పోయిన కొద్దీ జ్ఞాపకంగా బలపడింది. రేమండ్ విలియమ్స్ 1973లో ప్రచురించిన 'ది కంట్రీ అండ్ ది సిటీ'లో ఈ వింతను చక్కగా చూపాడు. పాత పల్లె ఇప్పుడే అంతరించిందని ఒక తరం రచయితలు అంటారు. వారు సూచించిన కాలానికి వెళితే అక్కడి రచయితలూ అదే మాట అంటారు. ఇలా వెనక్కి వెనక్కి పోతే చివరకు ఏదెను తోట తప్ప ఆగే చోటు లేదు.

దీనర్థం ఆ రచనలన్నీ అబద్ధాలని కాదు. ఫ్లోరా థాంప్సన్ 1939లో ప్రచురించిన 'లార్క్ రైజ్' 1880ల నాటి ఆక్స్‌ఫర్డ్‌షైర్ కుగ్రామాన్ని చిత్రిస్తుంది. తర్వాతి రెండు భాగాలతో కలిపి అది 1945లో 'లార్క్ రైజ్ టు కాండిల్‌ఫర్డ్'గా వెలువడింది. రచయిత్రి తన బాల్యాన్ని 'లారా' అనే పాత్రగా ప్రథమ పురుషలో చెప్పింది. వారానికి పది షిల్లింగుల కూలితో పెద్ద కుటుంబాలు ఎలా బతికాయో, ఇంటింటా పెంచే పంది ఆ బతుకుకు ఎంత ఆధారమో లెక్కతో సహా అందులో ఉంది. లారీ లీ 1959లో రాసిన 'సైడర్ విత్ రోజీ' గ్లోస్టర్‌షైర్‌లోని స్లాడ్ లోయను మనోహరంగా వర్ణించింది. కానీ ఊరివాళ్లు ఒక మనిషిని కొట్టి చావుకు వదిలేసి, ఊరంతా నోరు మెదపకుండా ఉండిపోయిన ఘటన కూడా ఆ పుస్తకంలోనే ఉంది. పుస్తకాలు రెండు వైపులా చూపినా, పాఠకలోకం తనకు కావలసిన వైపే గుర్తుపెట్టుకుంది.

రోనాల్డ్ బ్లైత్ 1969లో సఫోక్ గ్రామీణుల మౌఖిక కథనాలతో కూర్చిన 'ఏకెన్‌ఫీల్డ్' దీనికి మంచి విరుగుడు. ఊరి పేరు కల్పితం, గొంతులు నిజమైనవి. అందులో ఒక వృద్ధ కూలీ 1914లో సైన్యంలో చేరినప్పుడు పొలాల చాకిరీ తప్పిందని సంతోషించామని చెబుతాడు. యుద్ధభూమి కంటే భయపెట్టిన పొలం ఏ పల్లె చిత్రపటంలోనూ కనిపించదు.

6. హాప్స్ తోటలు: సెలవూ కూలీ ఒక్కటైన చోటు

సముద్రతీరం, పల్లె అనే రెండు జ్ఞాపకాలు కలిసే చోటు కెంట్ ప్రాంతంలోని హాప్స్ తోటలు. బీరు తయారీలో వాడే హాప్స్ పువ్వులు కోయడానికి ఏటా సెప్టెంబరులో తూర్పు లండన్ నుంచి వేలాది కుటుంబాలు వెళ్లేవి. ప్రధానంగా స్త్రీలు, పిల్లలు. వారికోసం ప్రత్యేక రైళ్లు నడిచేవి. గుడిసెల్లో గడ్డి పరుపుల మీద పడుకుని, ఆరుబయట వండుకుని, కొలత లెక్కన కూలి తీసుకునేవారు. తీరంలో గది అద్దెకు తీసుకునే స్తోమత లేని కుటుంబాలకు ఇదే సెలవు.

దీని జ్ఞాపకాలు కూడా మధురంగానే ఉంటాయి: పొగలేని గాలి, చీకటి పడ్డాక మంటల చుట్టూ పాటలు. అదే కెంట్‌లోని ఈస్ట్ ఫార్లీలో 1849 సెప్టెంబరులో 43 మంది హాప్స్ కూలీలు కలరాతో మరణించారు. వారి సమాధి మీద రాసిన మాట 'అపరిచితులు' అని. ఏటా వచ్చి ఊరి పంట ఇంటికి చేర్చినవారు ఆ ఊరికి పేర్లు లేని మనుషులుగానే మిగిలారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కోత యంత్రాలు వచ్చి ఈ వలస ఆగింది. ఆ కష్టం ఆగాకే దాని మీద బెంగ మొదలైంది.

7. క్షీణత

1950లో వ్లాదిమిర్ రైట్జ్ కోర్సికా ద్వీపానికి విమాన ప్రయాణం, బస కలిపి అమ్మడంతో ప్యాకేజీ యాత్రలకు దారి ఏర్పడింది. 1960ల తర్వాత స్పెయిన్ ఎండ లాంకషైర్ వానను సులభంగా ఓడించింది. 1963 నాటి బీచింగ్ నివేదిక అనంతరం మూతపడిన రైలుమార్గాల్లో తీరప్రాంత శాఖలు అనేకం ఉన్నాయి. నూలు మిల్లులు మూతపడటంతో వేక్స్ వారానికి అర్థమే లేకుండా పోయింది. అన్నిటికంటే ఈ చివరి కారణం బలమైనది. విదేశీ ఎండ తీరాన్ని ఖాళీ చేసింది. మిల్లుల మూత ఊరంతా కలిసి కదిలే కాలాన్ని రద్దు చేసింది. ఇక సెలవు కుటుంబానికి ఒక తేదీగా, వ్యక్తికి ఒక ఎంపికగా మారింది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, బ్రిటన్ సముద్రతీర సెలవు, పల్లె జీవితం పరస్పరం భిన్నమైన జ్ఞాపకాలు కావు. పల్లె జాగరణ మిల్లు సెలవై, ఆ సెలవు సముద్రం ఒడ్డుకు చేరింది. రెండు, గతస్మృతి ఆయా జీవితాలు నడుస్తున్నప్పుడు కాక, అవి ముగిశాకే బలపడింది. మూడు, ఆ స్మృతిలో ఆనందించినవారి గొంతు వినిపించినంతగా ఆ ఆనందాన్ని వండి వడ్డించినవారి గొంతు వినిపించదు.

అయినా ఈ జ్ఞాపకాలను మోసంగా కొట్టివేయడం చరిత్రకు నష్టం. జీతం లేని వారం కోసం ఏడాదంతా పైసా పైసా దాచిన కార్మికుడు దేనికి అంత విలువ ఇచ్చాడో ఏ ఆర్థిక గణాంకమూ చెప్పలేదు, జ్ఞాపకం చెబుతుంది. ఆ విలువను స్వీకరిస్తూనే, మిల్లు లెక్కలు, చట్టాలు, మౌఖిక కథనాలు, సమకాలీన పరిశీలనల పక్కన దాన్ని నిలిపి చదవడం పరిశోధకుల పని. అలా చదివినప్పుడు తీరంలో ఆడుకుంటున్న పిల్లవాడితో పాటు, వెనుక ఇంట్లో పళ్లేలు కడుగుతున్న స్త్రీ కూడా చరిత్రలోకి వస్తుంది.