కార్చోబ్ కూలి, కిందికి చేరని సంపద: దబీర్‌పురా నుంచి ఒక పరిశీలన

2013లో ప్రపంచ బ్యాంకు రెండు లక్ష్యాలు పెట్టుకుంది: కటిక పేదరికాన్ని తుదముట్టించడం, ప్రతి దేశంలో అట్టడుగున ఉన్న 40 శాతం మంది ఆదాయం పెరిగేలా చూడడం. మొదటిదాని లెక్కలు ఊరటనిస్తాయి. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచిక ప్రకారం తెలంగాణలో పేదల వాటా 2015-16లో 13.18 శాతం, 2019-21 నాటికి 5.88 శాతం. అయితే ఆ సూచికలోని 12 అంశాల్లో కరెంటు, వంట ఇంధనం, బ్యాంకు ఖాతా ఉన్నాయి గాని కూలి రేటు లేదు. రెండో లక్ష్యం నెరవేరిందీ లేనిదీ తేలేది ఆ రేటు దగ్గరేనని నా వాదన.

హైదరాబాద్ పాతబస్తీలో దబీర్‌పురా, యాకుత్‌పురా వైపు గల్లీల్లో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేసే పనుల్లో కార్చోబ్ ఒకటి. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, ఆరీ సూదితో జరీ, పూసలు, చమ్కీలు కుడతారు. తెలుగు పెళ్లిళ్లలో మనం మురిసిపోయే మగ్గం వర్క్ జాకెట్ల వెనుక ఇలాంటి చేతులే ఉన్నాయి. గుడ్డ, డిజైను దళారీ తెచ్చిస్తాడు. చోటు, లైటు, కంటిచూపు కుట్టే మనిషివి. కూలి పీసుకింత, ఎన్ని గంటలు పట్టినా అంతే. కుట్టు నచ్చలేదంటే కోత. కుట్టినామెకు దుకాణదారు ముఖమైనా తెలియాల్సిన అవసరం ఈ ఏర్పాటులో లేదు.

ప్రభుత్వం పట్టించుకోలేదని కాదు. 1967లో పట్టణ సముదాయాభివృద్ధి పథకం పాతబస్తీలోనే మొదలైంది. కుట్టు నేర్పారు, బ్యాంకు అప్పులిప్పించారు. కూలి బేరంలో మాత్రం కుట్టే మహిళను ఒంటరిగా వదిలేశారు. దాతలూ ఉన్నారు: దబీర్‌పురా వంతెన కింద అజహర్ మక్సూసీ 2012 నుంచి ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెడుతున్నారు. చేతులెత్తి మొక్కాల్సిన పని అది. ఇన్నేళ్లయినా ఆ పంక్తి అవసరం తీరలేదంటే, నగరం గడిస్తున్నది అక్కడిదాకా రావడం లేదన్నమాట.

కూలికి భరోసా ఇచ్చే దారి దూరాన లేదు, నిజామాబాద్ బీడీ కార్మికుల దగ్గరే ఉంది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఆకు, తంబాకు ఇంటికి తీసుకెళ్లి చుట్టే మహిళను కూడా కార్మికురాలిగానే గుర్తించింది. మధ్యలో ఠేకేదారు ఉన్నా యజమాని బాధ్యత తప్పదంది. వెయ్యి బీడీలకు ఇంతని కనీస కూలి ఉంది. బీడీలను తిరస్కరిస్తే ఆ తగాదా తీర్చే మార్గం ఆ చట్టంలో ఉండేది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లకూ భవిష్యనిధి వర్తిస్తుందని 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్ల కష్టాలు తీరిపోలేదు, కానీ అడగడానికి ఒక గడప ఉంది.

కార్చోబ్ కుట్టే మహిళకు ఆ గడప లేదు. 2020 సామాజిక భద్రతా కోడ్ గృహాధారిత కార్మికులను నిర్వచించింది, 2021లో వచ్చిన ఈ-శ్రమ్ కార్డు ఆమె పేరు నమోదు చేసుకుంటుంది. రెండూ కూలి జోలికి పోవు. ఇంటి దగ్గర పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో తెచ్చిన 177వ ఒప్పందాన్ని భారత్ ఇంకా ఆమోదించలేదు. ఆ ఆమోదం కోసం ఆగకుండా తెలంగాణ చేయగలిగింది ఉంది: ఒక్కో డిజైనుకు పట్టే గంటలు కొలిచి పీసు రేటు కట్టడం, ప్రతి పనికీ చీటీ రాయించడం, జాకెట్టు అమ్మిన దుకాణాన్నే ఆ కూలికి జవాబుదారీ చేయడం.