రసాయన శాస్త్రమా, జీవరసాయన శాస్త్రమా? డిగ్రీ ఎంపికకు ముందు తెలుసుకోవలసినవి

బీఎస్సీలో రసాయన శాస్త్రం, జీవరసాయన శాస్త్రం పేర్లకు దగ్గరివే అయినా, డిగ్రీ తర్వాత అవి తెరిచే దారులు వేరు. ప్రవేశ సమయంలో ఈ తేడాను గమనించని విద్యార్థికి పీజీ దరఖాస్తు వేళ చిక్కులు ఎదురుకావచ్చు.

పాఠ్యాంశాలు
రసాయన శాస్త్ర విద్యార్థి కర్బన, అకర్బన, భౌతిక, విశ్లేషణాత్మక శాఖలను అభ్యసిస్తాడు. జీవరసాయన శాస్త్రం ప్రోటీన్లు, ఎంజైములు, జీవక్రియ, జన్యు పదార్థం చుట్టూ సాగుతుంది. ఆస్పిరిన్‌నే తీసుకుంటే, సాలిసిలిక్ ఆమ్లం నుంచి దానిని తయారుచేసి శుద్ధి చేయడం మొదటి విభాగం పని. అది శరీరంలో సైక్లోఆక్సిజనేజ్ ఎంజైమును ఎలా నిరోధిస్తుందో వివరించడం రెండవ దాని పని.

ప్రయోగశాల
లవణ విశ్లేషణ, టైట్రేషన్, కర్బన సమ్మేళనాల తయారీ ఒకవైపు. ప్రోటీన్ల పరిమాణ నిర్ధారణ, ఎంజైముల చర్యావేగం, ఎలక్ట్రోఫోరెసిస్ మరోవైపు ఉంటాయి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర నిర్ధారణ పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలకు సుపరిచితం.

జాతీయ పరీక్షలు
ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశానికి నిర్వహించే జామ్‌లో రసాయన శాస్త్రానికి ప్రత్యేక పేపర్ ఉంది. జీవరసాయన శాస్త్రానికి లేదు; ఆ విద్యార్థులు సాధారణంగా బయోటెక్నాలజీ పేపర్‌ను ఎంచుకుంటారు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో రసాయన శాస్త్రం 'కెమికల్ సైన్సెస్' కిందకు, జీవరసాయన శాస్త్రం 'లైఫ్ సైన్సెస్' కిందకు వస్తాయి. గేట్ లైఫ్ సైన్సెస్ పేపర్‌లో మాత్రం జీవరసాయన శాస్త్రం ఐచ్ఛిక విభాగం కాగా, రసాయన శాస్త్రం తప్పనిసరి.

గణితం పాత్ర
కొన్ని సంస్థలు ఎమ్మెస్సీ రసాయన శాస్త్ర ప్రవేశానికి ఇంటర్‌లో లేదా డిగ్రీలో గణితం చదివి ఉండాలని కోరుతాయి. క్వాంటమ్ రసాయన శాస్త్రం, ఉష్ణగతిక శాస్త్రం కలన గణితంపై ఆధారపడటమే ఇందుకు కారణం. బైపీసీ విద్యార్థులు ఈ నిబంధనను ముందే పరిశీలించాలి. తిరుపతి సహా ఏడు ఐసర్‌లలో ప్రవేశానికి జరిగే ఆప్టిట్యూడ్ టెస్ట్‌లో జీవశాస్త్రం, గణితం రెండింటి నుంచీ ప్రశ్నలుంటాయి.

ఉపాధి
పాఠశాలల్లో జీవరసాయన శాస్త్రం ప్రత్యేక సబ్జెక్టు కాదు. ఉపాధ్యాయ వృత్తిని ఆశించేవారు డిగ్రీలోని ఇతర సబ్జెక్టులు నియామక అర్హతకు సరిపోతాయో లేదో చూసుకోవాలి. ఔషధ పరిశ్రమలో నాణ్యతా నియంత్రణ విభాగాలు రసాయన శాస్త్ర పట్టభద్రులను, జీవ ఔషధాల తయారీ విభాగాలు జీవరసాయన శాస్త్ర పట్టభద్రులను తీసుకుంటాయి.

నిర్ణయం తీసుకునే ముందు
జాతీయ విద్యా విధానం-2020 మూడేళ్ల డిగ్రీతో పాటు నాలుగేళ్ల డిగ్రీకీ వీలు కల్పించింది. కోర్సు పేరు ఒకటే అయినా పాఠ్య ప్రణాళిక, ప్రయోగ గంటలు, జత సబ్జెక్టులు కళాశాలను బట్టి మారుతాయి. అందువల్ల కళాశాల ప్రకటనకు ముందుగా, తాము చేరదలచిన పీజీ కోర్సు అర్హత నిబంధనలను చదవడం మేలు.