ధ్వని లోపలికి వచ్చే దారి: యూనిక్స్ వ్యవస్థలలో రికార్డింగు చరిత్ర

1951 ఆగస్టులో సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఆస్ట్రేలియా తొలి కంప్యూటర్ సమావేశం జరిగింది. తరవాతి కాలంలో సైరాక్ అన్న పేరుతో ప్రసిద్ధమైన యంత్రం ఆ సందర్భంలో ‘కర్నల్ బోగీ’ అనే కవాతు బాణీని వినిపించింది. దానికి తగిలించిన స్పీకరు సంగీతం కోసం పెట్టినది కాదు. ప్రోగ్రాము ఎంతవరకు నడిచిందో పనివారికి చప్పుడుతో తెలియజేయడానికి పెట్టినది. జెఫ్ హిల్ అనే ప్రోగ్రామరు ఆ చప్పుళ్ళ నడుమ వ్యవధిని లెక్కగట్టి వాటిని స్వరాలుగా మలిచాడు. అయితే నాటి వాదనాన్ని రికార్డు చేసినవారు లేరు. సుమారు అర్ధశతాబ్ది గడిచాక పాల్ డోర్న్‌బుష్ ప్రభృతులు దానిని పునర్నిర్మించవలసి వచ్చింది.

ఆ సమావేశం జరిగిన నగరానికే పడమటి శివారు క్వేకర్స్ హిల్. నగరకేంద్రానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన, బ్లాక్‌టౌన్ పురపాలక పరిధిలో ఉంది. ఇటువంటి శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలతోపాటు కాసెట్లు కూడా సముద్రం దాటాయి: ఆకాశవాణి ప్రసారాల నుంచి ఇంట్లోనే పట్టుకున్న కచేరీలు, హరికథలు, పెళ్ళిపాటలు, ఉత్తరానికి బదులుగా మాట్లాడి పంపిన కబుర్లు. అయస్కాంత టేపులలో ఉన్నదానిని 2025 నాటికి డిజిటల్ రూపంలోకి మార్చకపోతే అందులో చాలా భాగం శాశ్వతంగా పోతుందని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం ‘డెడ్‌లైన్ 2025’ పేరుతో హెచ్చరించింది. ఆ గడువు వచ్చింది. టేపు శిథిలమవుతోంది, దానిని నడిపే యంత్రాలూ అరుదవుతున్నాయి. కొన్ని టేపులు ఇంకొక్కసారి మాత్రమే తిరగగలవు. అందువల్ల కంప్యూటరులోకి ధ్వని ఏ దారిన వస్తుందన్న ప్రశ్న సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించినది కాదు.

పరికరం కూడా ఫైలే

యూనిక్స్ వ్యవస్థలో పరికరాన్ని ఫైలుగా చూడడం మొదటినుంచీ ఉన్న సంప్రదాయం. 1974లో రిచీ, థాంప్సన్ ప్రచురించిన వ్యాసంలోనే ఈ ‘ప్రత్యేక ఫైళ్ళ’ వివరణ ఉంది. సిడ్నీలోనే, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ 1977లో ఆరవ యూనిక్స్ ప్రతికి పంక్తివారీగా రాసిన వ్యాఖ్యానం ఒక తరం విద్యార్థులకు పాఠ్యగ్రంథమయింది. ముద్రణకు అనుమతి లేని రోజుల్లో అది ఫొటోకాపీల రూపంలో దేశదేశాలు తిరిగింది. 1996లో గాని పుస్తకంగా వెలువడలేదు.

ధ్వని ఈ సంప్రదాయంలోకి ఆలస్యంగా వచ్చింది. 1989 నాటి సన్ కంపెనీ స్పార్క్‌స్టేషన్‌లో ‘డెవ్’ డైరెక్టరీ కింద ‘ఆడియో’ అనే ఫైలు ఉండేది. దానిలోకి రాస్తే స్పీకరు పలికేది. దాన్నుంచి చదివితే మైకు ముందటి మాట అందేది. క్షణానికి 8000 నమూనాలు, ఒక్కొక్కటి 8 బిట్లు. అంటే టెలిఫోను స్థాయి నాణ్యత. మాటకు అది చాలును, వీణకు చాలదు.

ఒకరి చేతినుంచి పలువురి చేతికి

లినక్స్‌కు ధ్వనిని తెచ్చినవాడు ఫిన్లండ్‌కు చెందిన హన్ను సవొలైనెన్. 1992లో సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం ఆయన రాసిన డ్రైవరు క్రమంగా ఓపెన్ సౌండ్ సిస్టమ్‌గా ఎదిగింది. దాని నమూనా సరళమైనది: ధ్వనికి ఒక ఫైలు, స్థాయిని నియంత్రించే మిక్సరుకు వేరొకటి. ఆ సరళతలోనే ఇబ్బంది కూడా ఉంది. సాధారణంగా ఒక ప్రోగ్రాము పరికరాన్ని తెరిస్తే, అది మూసేవరకు రెండో ప్రోగ్రాముకు ప్రవేశం లేదు.

ఆ వ్యవస్థ వాణిజ్యపు దారి పట్టినప్పుడు, చెక్ దేశీయుడు యారోస్లావ్ కిసెలా 1998లో ఆల్సాను ప్రారంభించాడు. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో అది లినక్స్‌కు ప్రధాన ధ్వనివ్యవస్థ అయింది. ఆ పైన, పలు ప్రోగ్రాములు ఒకే కార్డును పంచుకొనేందుకు ధ్వని సర్వర్లు వచ్చాయి: సంగీతకారుల కోసం పాల్ డేవిస్ రూపొందించిన జాక్, 2004లో లెనార్ట్ పొటరింగ్ మొదలుపెట్టిన పల్స్‌ఆడియో, 2017లో విమ్ టైమన్స్ ప్రకటించిన పైప్‌వైర్. రికార్డయిన ధ్వనిని ఫైలుగా దాచే పనిలో సిడ్నీవాసి ఎరిక్ డి కాస్ట్రో లోపో రాసిన లిబ్‌సౌండ్‌ఫైల్ నేటికీ అనేక ప్రోగ్రాములకు ఆధారం. బహుళ ప్రచారంలో ఉన్న ఆడాసిటీ వాటిలో ఒకటి.

నిశ్శబ్దానికి కారణాలు

ప్రతి పొరా ఒక సమస్యను తీర్చింది. దానితోపాటు ధ్వని ఆగిపోవడానికి మరొక తావును కూడా ఏర్పరచింది. మొదటిది ప్లగ్గు పెట్టే చోటే. మైకు రంధ్రం అతి బలహీనమైన సంకేతం కోసం చేసినది, తరచుగా ఒకే చానెల్‌ది. లైన్ రంధ్రం అంతకంటే బలమైన సంకేతం కోసం చేసినది. చాలా లాప్‌టాపుల్లో రెండోది లేదు. కాసెట్ ప్లేయరును మైకు రంధ్రానికి కలిపితే గొంతు పగిలి వినిపించడానికి కారణం ఇదే. ఆ దోషాన్ని తరవాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిదిద్దలేదు. విడిగా దొరికే యూఎస్‌బీ ఆడియో పరికరం ఇందుకు తగిన మార్గం.

రెండోది మిక్సరు. ఆల్సాలో వినిపించే స్థాయి వేరు, గ్రహించే స్థాయి వేరు. ఏ రంధ్రం నుంచి గ్రహించాలో ఎంచుకొనే మీట మరొకటి. తొలిరోజుల్లో ఆల్సా అన్ని మార్గాలనూ మూసి ఉంచేది. మూడోది కార్డు సంఖ్య. యూఎస్‌బీ పరికరం తగిలించిన వరుసను బట్టి సున్నా, ఒకటి తారుమారు కావచ్చు; కార్డును సంఖ్యతో కాక పేరుతో పిలవడం క్షేమం. నాలుగోది సర్వరు. అది నమూనాల వేగాన్ని అడగకుండానే మార్చవచ్చు. ఫోను సంభాషణల కోసం పెట్టిన రొద నివారణ పనిచేస్తుంటే, తంబురా నిలకడ శ్రుతిని కూడా రొదగా భావించి తుడిచివేసే ప్రమాదం ఉంది.

ఓపెన్‌బీఎస్‌డీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2018 నాటి 6.4 ప్రతి నుంచి రికార్డింగును కెర్నెల్ స్థాయిలోనే నిలిపి ఉంచింది. యజమాని ప్రత్యేకంగా అనుమతించేవరకు రికార్డరు నడుస్తూనే ఉంటుంది, ఫైలు పెరుగుతూనే ఉంటుంది. అందులో నిశ్శబ్దం తప్ప మరేమీ ఉండదు. మైకు ద్వారా రహస్యంగా వినేవారి నుంచి రక్షణగా ఇది సమంజసమైన నిర్ణయమే. కాని ఈ సంగతి తెలియక టేపు తిప్పినవారికి గంటసేపటి శూన్యమే మిగులుతుంది.

అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కనీస ప్రమాణంగా క్షణానికి 48,000 నమూనాలను, 24 బిట్లను సూచించింది. ఈ అంకెలను పాటించడం నేటి చవక పరికరాలతో కూడా సాధ్యమే. కష్టమైనది వాటికి ముందరి పని: ముఖ్యంకాని టేపుతో ముందుగా పరీక్షించడం, అత్యున్నత స్థాయి గరిష్ఠ హద్దును తాకకుండా చూసుకోవడం, పరీక్షా ఫైలును మొదటినుంచి చివరిదాకా విని ఆ తరవాతనే అసలు టేపును చేతిలోకి తీసుకోవడం.

సైరాక్ పాట తిరిగి వినిపించడం సాధ్యమయిందంటే, అది లెక్కల్లో రాసిన పాట గనుక. హరికథ చెప్పిన తాతగారి గొంతుకు అటువంటి లెక్క ఎక్కడా రాసి లేదు. ఉన్నది ఆ టేపు ఒక్కటే.