యయాతి కోరిన యౌవనము

ముదిమిని వెనుకకు మరలింపవలెనను కోరిక మిక్కిలి ప్రాచీనమైనది. భారతమున యయాతి తన వార్ధకమును కుమారుడగు పూరువున కిచ్చి వాని యౌవనమును గైకొనెను. ఆ యౌవనమునకు వెల గలదు. దానిని చెల్లించినది సంతానము. ఆధునిక వైద్యచరిత్రమునందును ఈ కథ మఱియొక రూపమున గానవచ్చుచున్నది.

1849లో జర్మనీదేశపు గ్యోటింగెన్ నగరమున బెర్తోల్డను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల వృషణములను దొలగించి, కొన్నిటికి వానిని కడుపులో మరల నాటెను. అట్టి పుంజుల కూతయు, తురాయియు, కయ్యపు బుద్ధియు చెడలేదు. వృషణములనుండి యేదో ద్రవ్యము నెత్తుటిలో గలియుచున్నదని దీనివలన దేలెను. 1889లో పారిసునందు బ్రౌన్‌సెకార్డను డెబ్బదిరెండేండ్ల వైద్యుడు కుక్కల యొక్కయు గినీపందుల యొక్కయు వృషణరసమును తన దేహమున నెక్కించుకొని, బలము మరలివచ్చినదని పండితసభలో బ్రకటించెను. నీటితో దీసిన యా రసములో అసలు పదార్థము లేశమాత్రమే. వచ్చినది బలము గాదు, బలము వచ్చెనను నమ్మకము. అయినను ఆ నమ్మకము చావలేదు; 1920 మొదలుకొని వోరనాఫ్ అను శస్త్రవైద్యుడు కోతుల వృషణఖండములను పురుషులకు నతికి పేరుగాంచెను.

1935లో టెస్టోస్టిరోనను నసలు పదార్థమును బూటెనాంట్, రుజిచ్కా అను రసాయనజ్ఞులు వేర్వేరుగా కృత్రిమముగా దయారుచేసిరి. మేమీ యౌషధమును నిందింపము. వృషణములో పీయూషగ్రంథియో రోగమువలన జెడినవారికి ఇది నిజమైన మేలు చేయును. కాని లోపము లేనివాడు దీనిని యౌవనమునకై కోరిన నేమగును?

1941లో షికాగోనందు హగిన్స్ అను వైద్యుడు, వ్యాపించిన ప్రోస్టేటు క్యాన్సరును ఈ హార్మోను ప్రకోపింపజేయునని చూపెను. ఇది రక్తమున నెఱ్ఱకణములను బెంచి నెత్తుటిని చిక్కబఱచును. కావుననే వైద్యులు మాటిమాటికి రక్తపరీక్ష చేయింతురు. 2023లో వెలువడిన యొక పరిశోధనమున, హార్మోను తక్కువై, హృద్రోగమో దాని భయమో గల 5,200 పైచిలుకు పురుషులను పరిశీలించిరి. గుండెపోటును పక్షవాతమును హెచ్చలేదు; కాని గుండె లయ దప్పుటయు, ఊపిరితిత్తుల నాళములలో నెత్తురు గడ్డకట్టుటయు, మూత్రపిండములకు హఠాత్తుగా హాని గలుగుటయు మందు పుచ్చుకొన్నవారియందు హెచ్చుగా గనబడెను.

అన్నిటికంటె విచిత్రమైన దింకొకటి. వెలుపలినుండి హార్మోను వచ్చినంతనే పీయూషగ్రంథి వృషణములకు బంపు నాజ్ఞలను మానుకొనును. అవి పనిలేక కృశించి, వీర్యకణముల యుత్పత్తి నిలిచిపోవును. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు దీనిని గర్భనిరోధమునకే పరీక్షించిరి. 1990లో వెల్లడియైన ఫలితముల ప్రకారము, వారమునకు 200 మిల్లీగ్రాముల చొప్పున సూదిమందు గొన్న 271 మందిలో 157 మందికి వీర్యకణములు బొత్తిగా లేకపోయెను. పుంస్త్వమునకై కొనునదే సంతానమును హరించుచున్నది! మందు మానిన పిమ్మట పెక్కుమందికి నెలల మీద శక్తి మరలివచ్చును. అందఱికిని వచ్చునని చెప్పజాలము.

కండలు పెంచుటకై వైద్యుని యెఱుక లేకయే ఈ సూదులు వేయించుకొను యువకులు నేడు గలరు. బిడ్డలు గలుగనిచో మన యిండ్లలో గొడ్రాలను నింద పడునది భార్యమీదనే. మ్రొక్కులును మందులును పరీక్షలును ఆమెకే. భర్త సిగ్గుచే దన రహస్యమును దాచును. యయాతి యడిగి పుచ్చుకొనెను. పూరువు తెలిసి యిచ్చెను. ఈ యిల్లాలు మాత్రము తానెఱుగని వెలను చెల్లించుచున్నది. కావున సంతానము లేని దంపతులు వైద్యునియొద్ద కేగినపుడు మొదటి ప్రశ్న పురుషునికే వేయవలెననియు, వాడు దాచక బదులు చెప్పవలెననియు మేము కోరుచున్నాము.