మడమలోకి జరిగిన తుపాకీ

కాకినాడ నుంచి రామచంద్రపురం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు మార్గం వేశారు. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1940లో, యుద్ధ అవసరాల పేరుతో ఆంగ్లేయ ప్రభుత్వం ఆ పట్టాలను పీకించి పట్టుకుపోయింది. మళ్లీ ఆ దారిన రైలు నడిచింది 2004లోనే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు కురిపించాయి. వరిచేలకూ కొబ్బరితోటలకూ పేరుపడ్డ ఈ గోదావరి డెల్టాకు యుద్ధం ఎక్కడో జరిగే సంగతి కాదు. గోదావరికి ఆవలి వైపు, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మగవాళ్లు తరలివెళ్లారు. సైన్యంలో చేరే ఆనవాయితీ అక్కడ నేటికీ తెగలేదు.

తరం మారినప్పుడల్లా జవాను చేతిలోని తుపాకీ కూడా మారింది. తాతల నాటి .303 లీ ఎన్‌ఫీల్డ్ పొడవు సుమారు 113 సెంటీమీటర్లు. 1962లో చైనా సైన్యం మీదికి వచ్చినప్పుడు మన జవాన్లలో చాలామంది భుజాన ఉన్నది అదే. ఆ తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీ ఎస్ఎల్ఆర్ వచ్చింది. 1999 కార్గిల్ నాటికి ఇన్సాస్ చేతికందింది. దాని పొడవు 96 సెంటీమీటర్లు. అంటే ఇన్ని దశాబ్దాల్లో తగ్గింది జానెడు కూడా లేదు.

ఇజ్రాయెల్‌లో తయారైన టావోర్ దగ్గరికొచ్చేసరికి ఆ పొడవు ఒక్కసారిగా 72 సెంటీమీటర్లకు పడిపోయింది. గొట్టాన్ని కోసేసి పొట్టి చేశారా అంటే అదీ కాదు. ఇన్సాస్ గొట్టం 46 సెంటీమీటర్లు, టావోర్ గొట్టమూ 46 సెంటీమీటర్లే. గొట్టం కురచైతే తూటా వేగం తగ్గుతుంది, దెబ్బ బలం తగ్గుతుంది. ఇక్కడ ఆ నష్టం లేదు.

కిటుకు అమరికలో ఉంది. మామూలు రైఫిల్లో తూటా పేలే చోటు, మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందుంటాయి. వెనకనున్న మడమ భుజానికి ఆనించుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. ఆ యంత్రాంగాన్నంతా ట్రిగ్గర్ వెనక్కి, మడమలోకి జరిపితే అక్కడ వృథాగా పోయే జాగా కలిసొస్తుంది. ఇలాంటి తుపాకీనే బుల్‌పప్ అంటారు.

ఆలోచన కొత్తది కాదు. 1901లోనే బ్రిటన్‌లో థార్నీక్రాఫ్ట్ కార్బైన్ ఈ పద్ధతిలో తయారైంది. కానీ పేల్చినప్పుడు వెనక్కి తన్నుడు ఎక్కువ, పట్టుకోవడానికి వాటం లేదు. సైన్యం వద్దంది. 1951లో బ్రిటిష్ ప్రభుత్వం ఈఎం-2 అనే బుల్‌పప్‌ను తన సైన్యానికి ఖాయం చేసింది. అంతలో ప్రభుత్వం మారి చర్చిల్ గద్దెనెక్కాడు. నాటో దేశాలన్నిటికీ ఒకే తూటా ఉండాలన్న పట్టుదల ముందు ఆ తుపాకీ నిలవలేకపోయింది. పాతికేళ్ల తర్వాత గానీ ఈ పద్ధతికి కాలం కలిసి రాలేదు. ఆస్ట్రియా 1977లో స్టెయిర్ ఆగ్‌ను, ఆ మరుసటేడు ఫ్రాన్స్ ఫమాస్‌ను, 1985లో బ్రిటన్ ఎల్85ను తమ జవాన్లకు ఇచ్చాయి. సాయుధ వాహనాల ఇరుకు కడుపుల్లోంచి, హెలికాప్టర్ తలుపుల్లోంచి దూకే జవాన్లకు పొడవాటి తుపాకీ కాలికీ చేతికీ అడ్డం పడడమే ఇందుకు అసలు కారణం.

మన దేశంలో ఈ అవసరాన్ని ముందుగా గుర్తించినవి ప్రత్యేక దళాలు. 2002 చివర్లో సుమారు 88 కోట్ల రూపాయలతో 3,070 టావోర్లకు ఒప్పందం కుదిరింది. మొదటి విడతగా వచ్చినవి పరీక్షలో నెగ్గలేదు. మార్పులు చేయించి, తిరిగి పరీక్షించి గానీ తీసుకోలేదు. జవాను ప్రాణం ఆధారపడే వస్తువు విషయంలో ఆ మాత్రం మొండితనం ఉండాల్సిందే. 2010 చివర్లో ఐదువందలకు పైగా టావోర్లు నౌకాదళ కమాండోలైన మార్కోస్‌కు చేరాయి. మార్కోస్ అంటే తెలుగు తీరానికి పరాయివాళ్లు కారు. విశాఖ పక్కన భీమునిపట్నంలో 2016 జులైలో ప్రారంభమైన ఐఎన్ఎస్ కర్ణ వాళ్ల స్థావరమే. రబ్బరు పడవలో కూర్చుని అలల మీద ఊగుతూ వచ్చి, ఓడ పక్కకు వేలాడే నిచ్చెన ఎక్కి, ఒకరు పట్టేంత సందులో మలుపు తిరగాల్సిన మనిషికి ఆ తగ్గిన 24 సెంటీమీటర్లు ఎంత విలువైనవో చెప్పనక్కర్లేదు. 2019లో అమెరికా దళాలతో కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్, 2023 జనవరిలో మన త్రివిధ దళాలు జరిపిన ఆంఫెక్స్ విన్యాసాలు కాకినాడ తీరంలోనే సాగాయి. సముద్రంలోంచి నేల మీదికి దిగే యుద్ధానికి గోదావరి జిల్లాల ఇసుకే అభ్యాస భూమి అయింది.

అయితే బుల్‌పప్‌కు లోపాలూ ఉన్నాయి. ట్రిగ్గర్‌కూ లోపలి యంత్రాంగానికీ దూరం పెరగడంతో మధ్యలో పొడవాటి కడ్డీ పెట్టాలి. దాంతో ట్రిగ్గర్ నొక్కుడు మొద్దుబారుతుంది. మ్యాగజైన్ మార్చాలంటే చంక కిందికి చెయ్యి పోనివ్వాలి. ఎడమ భుజానికి ఆనించి పేలిస్తే ఖాళీ తొడుగు చెంపకు తగులుతుంది. బ్రిటిష్ ఎల్85ను ఎడమ భుజం నుంచి కాల్చడానికే వీల్లేదు. టావోర్‌లో కొన్ని భాగాలు మార్చి తొడుగు రెండో వైపుకు పడేలా చేయవచ్చు.

అందుకే కొన్ని దేశాలు వెనక్కి మళ్లాయి. ఫ్రాన్స్ 2017 నుంచి ఫమాస్ స్థానంలో జర్మనీ హెచ్‌కే416 తెచ్చుకుంటోంది. 1997లో హాంకాంగ్‌లో అడుగుపెట్టిన చైనా సైనికుల చేతుల్లో లోకం తొలిసారి చూసిన క్యూబీజడ్-95 కూడా బుల్‌పప్పే. ఇప్పుడు దాని బదులు ఆ దేశం మామూలు అమరిక ఉన్న కొత్త రైఫిల్ ఇస్తోంది. మన పదాతిదళం కోసం అమేఠీ జిల్లా కోర్వాలో తయారవుతున్న ఏకే-203ది పొడవు తగ్గించడానికి వేరే దారి. మడమను పక్కకు మడిచేయవచ్చు. వాహనంలో ప్రయాణానికి అది బాగానే ఉంటుంది. గురి చూసి కాల్చాలంటే మాత్రం మడమను మళ్లీ తెరవాలి. దిగీ దిగగానే పేల్చాల్సిన కమాండోలకు ఆ వ్యవధి ఉండదు. మార్కోస్, పారా కమాండోల చేతుల్లో టావోర్ కుటుంబం నిలిచింది అందుకే. గ్వాలియర్ దగ్గరి మాలన్‌పూర్‌లో 2017లో తెరిచిన కర్మాగారంతో ఆ తుపాకీల తయారీ మన దేశానికీ వచ్చింది.